సెలెడోనియో పాటలో చావు ఆలస్యం

మా సెలెడోనియో బాబాయ్ పాటల్లో ఎవరూ ఒక పట్టాన చావరు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. మొదటి చరణంలో ప్రేమిస్తారు, రెండో చరణంలో ఏడుస్తారు, మూడో చరణంలో మంచం పడతారు. అక్కణ్ణుంచి ప్రాణం పోవడానికి ఎన్ని చరణాలు పడుతుందో రాసిన ఆయనకే తెలియదు.

వృత్తి క్షౌరం. కత్తి మన గొంతు మీద ఉండగా కొత్త చరణం వినిపించి ఎలా ఉందని అడుగుతాడు. బాగాలేదన్న మగాడు మా ఊళ్ళో ఇంతవరకు లేడు.

మందుల షాపు ఫెర్మీన్ గారి కూతురి పెళ్ళిలో పాడమన్నారు. పాటలో పిల్ల ఒక నావికుణ్ణి ప్రేమించింది. వాడు సముద్రంలో పోయాడు. పిల్ల మంచం పట్టింది. బల్లల మీద వేయించిన చేపలు చల్లారిపోతున్నాయి. ఫెర్మీన్ గారు మెల్లగా దగ్గరికెళ్ళి, ఆ పిల్ల ఎప్పుడు పోతుందని అడిగారు.

"ప్రాణమండీ అది. తొందరపెడితే పోతుందా?" అన్నాడు బాబాయ్.

అసలు గొడవ ఈస్టర్ ముందరి పవిత్ర వారం ఊరేగింపుతో వచ్చింది. మరియమాత పల్లకీని ముప్పై మందిమి దాని చుట్టూ వేలాడే తెరల లోపల దూరి మెడల మీద మోస్తాం. బాల్కనీలోంచి ఎవరైనా పాట ఎత్తుకుంటే, అది అయ్యేదాకా పల్లకీ దించి ఆగడం ఆచారం. బాబాయ్ బాల్కనీ నిట్టనిలువుగా పైకెక్కే వీధి మధ్యలో ఉంది. ఆయన పాట మొదలుపెడితే ఊరేగింపు గుడి చేరేసరికి కొవ్వొత్తులన్నీ కరిగిపోతాయి. అందుకని ఆ ఏడు ఊరేగింపు సంఘం పెద్ద ఎంగ్రాసియమ్మ ముందే కబురు పెట్టింది. ఒక్కటే చరణం పాడాలి, మీరితే ఇక జన్మలో ఆ బాల్కనీ ముందు పల్లకీ ఆగదు.

మా ఆవిడ ఆపరేషన్ గట్టెక్కితే పల్లకీ గుడిదాకా మోస్తానని ఆ ఏడు నేను మొక్కుకున్నాను. మోకాలేమో పాడైంది. చెబితే పక్కన పెడతారని ఎవరికీ చెప్పలేదు. ఎత్తు సగం ఎక్కేసరికి కాలు చచ్చుబడింది. సరిగ్గా అప్పుడే బాబాయ్ గొంతెత్తాడు.

మొదటి చరణం అయింది. ఎంగ్రాసియమ్మ చేతికర్రతో నేల కొట్టింది. ఆయన రెండోది అందుకున్నాడు. పాటలో కొడుకు శిలువ మీద, తల్లి కింద, ఆరు చరణాలైనా ఆ కొడుకు ప్రాణం పోదు. తెరల లోపల నేను కాలు చాపుకున్నాను, పక్కవాడు మోకాలికి తడిగుడ్డ కట్టాడు. పదకొండో చరణంలో కొడుకు కన్ను మూశాడు. మేం పల్లకీ ఎత్తాం. నేను గుడి చేరాను.

మర్నాడు గడ్డానికి వెళ్ళి, "అంత మొండితనం ఎందుకు బాబాయ్? ఉన్న ఒక్క బాల్కనీ పోగొట్టుకున్నావు కదా," అన్నాను.

ఆయన సబ్బు రాస్తూనే చెప్పాడు. "పైనుంచి నాకు తెర అంచున మీ పాదాలే కనబడతాయిరా. నీ కాలు వణుకుతోంది. అది ఆగేదాకా ఆ పిల్లాణ్ణి చంపడం నావల్ల కాలేదు."

బాల్కనీలో తలవంచుకుని పాడతాడంటే భక్తి అనుకునేవాళ్ళం ఇన్నేళ్ళూ. నాకు ఏడుపొచ్చింది గానీ, గొంతు మీద కత్తి ఉంది.

ఆ సాయంత్రమే వెళ్ళి ఎంగ్రాసియమ్మకు మోకాలు చూపించి అంతా చెప్పాను. ఆమె తిన్నగా బాబాయ్ కొట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"వచ్చే ఏడాది నాలుగు చరణాలు. అంతే."

బాబాయ్ కత్తి తుడుచుకుంటూ ఒకసారి నా మోకాలు చూశాడు.

"ఏడు చరణాలు," అన్నాడు.