సొంత గొంతు

కెనడాలోని మిస్సిసాగాలో ఫార్మా కంపెనీ నుంచి రిటైరైన సోమయాజులు గారికి శనివారం వస్తే ఇంటి బేస్‌మెంటే హాలీవుడ్. తెలిసినవాళ్లందరినీ పిలిచి పాతకాలపు మ్యూజికల్స్ వేస్తారు. సినిమాలు మారినా హీరో ఒక్కడే, టోపీ ఓరగా పెట్టుకుని చెవిలో రహస్యం చెప్పినట్టు పాడే ఆ గాయకుడు. పాట మొదలవగానే సోమయాజులు గారు వేలెత్తి అందరి నోళ్లూ మూయిస్తారు. ఆ హీరోలాగే గడ్డం ఓ పక్కకు తిప్పి, కళ్లు సగం మూస్తారు. ప్లేట్లలో బజ్జీలు చల్లారిపోతున్నా చెయ్యి చాపే ధైర్యం ఎవరికీ ఉండదు. ఓసారి ఎదురింటి రత్నకుమారి, "ఇతనికి ప్లేబ్యాక్ ఎవరు అంకుల్?" అని అడిగింది. ఆయన సినిమా ఆపేశారు. "ప్లేబ్యాకా! మన హీరోల్లా పెదాలాడించే రకం కాదమ్మా ఇతను. సొంత గొంతు!" అని మొదలుపెట్టి, బజ్జీలతోపాటు టీ కూడా చల్లారేదాకా వదల్లేదు.

మొన్న తెలుగు సంఘం దీపావళికి ఆయనే టోపీ పెట్టుకుని, మైకు పట్టుకుని ఆ హీరో పాట ఎత్తుకున్నారు. వెన్నలాంటి గొంతు విని హాలంతా నోరెళ్లబెట్టింది. రెండో చరణం మధ్యలో పాట ఠక్కున ఆగిపోయి, ఆయన జేబులోని ఫోన్ రింగు స్పీకర్లలో హోరెత్తింది. పెదాలు మాత్రం ఇంకో లైను పాడాకే ఆగాయి. ముందు వరసలోంచి రత్నకుమారి చప్పట్లు కొడుతూ, "వన్స్ మోర్ అంకుల్! సొంత గొంతు!" అని అరిచింది. సోమయాజులు గారు గడ్డం ఓ పక్కకు తిప్పి, కళ్లు సగం మూసి, ఫోన్ ఆగేదాకా ఓపిగ్గా నిలబడ్డారు.