పొట్టుకో షిఫ్టు, ఇనుముకో షిఫ్టు

టెల్కో ఫ్యాక్టరీ కాలనీ చరిత్ర ఎవరైనా రాస్తే దాన్ని రెండు యుగాలుగా విడదీయక తప్పదు: కూర్మారావు చపాతీ పిండిలో గోధుమ పొట్టు కలిపిన యుగం, కలపడం మానేసిన యుగం.

మొదటి యుగానికి మూలం ఆయన మలబద్ధకం. పొట్టుతో పొద్దుటి పని సులువైంది. ఇంత మేలు తనొక్కడే అనుభవించడం అన్యాయమనిపించి ఇంటిల్లిపాదికీ పంచాడు. చపాతీలో పొట్టు, దోసెలో పొట్టు, ఆఖరికి ఉప్మాలో కూడా పొట్టే.

"ఇది వంటిల్లా, పశువుల సాలా?" అనేది భార్య జానకి.

పదిహేనేళ్ల కూతురు పద్మశ్రీ హాకీ మైదానంలో కళ్లు తిరిగి కూలబడడంతో ఆ యుగం ముగిసింది. హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర. మూడు నెలల్లో పన్నెండు దాటితేనే జిల్లా జట్టు ఎంపికలకు పంపుతానంది కోచ్. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాస్తూ ఇంట్లో ఏం తింటారని అడిగింది. విని కళ్లజోడు తీసేసింది.

"ఎదిగే పిల్లకి ఇంత పొట్టా? తిండిలోని ఇనుముని అది పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. మాత్రకీ దానికీ రెండు గంటలైనా ఎడం ఉండాలి."

"ఇరవై రెండేళ్లుగా ఫ్యాక్టరీలో ఇనుముకి క్వాలిటీ ఇన్‌స్పెక్టర్నమ్మా," అన్నాడు కూర్మారావు. "ఇంట్లో పిల్లకే ఇనుము తక్కువ సేసినాను. నన్ను రిజెక్టు సెయ్యాల."

మర్నాటి నుంచి ఇంట్లో మూడు షిఫ్టులు. ఏ షిఫ్టు మాత్ర, నిమ్మరసం. బీ షిఫ్టు కూరలు, పళ్లు. సీ షిఫ్టు పాలు. ఒకరు దిగందే మరొకరు గేటు దాటకూడదు. షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ ఆయన నోటితోనే.

"ఊఁఁఁ!"

"కంచం ముందు ఈ కూతేటండీ?"

"మాత్ర ఇంకా డ్యూటీ దిగలేదు. పద్దూ, ఆ జాంపండు కింద పెట్టు!"

"పాపా, ప్లీజ్! పడోసీ సున్ రహే హైఁ!" అంది పద్మశ్రీ కాలనీ హిందీలో.

"పక్కింటోళ్లని ఇననీ. ఆళ్ల పిల్లలకీ పనికొత్తాది."

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. పన్నెండు పాయింట్ రెండు. షిఫ్టు విధానాన్ని దేశమంతటికీ విస్తరించే ఉపన్యాసం కూర్మారావు నాలుక చివర సిద్ధంగా ఉంది.

"మాత్రలు మానకుండా వేసుకుంది, అంతే," అంది డాక్టరమ్మ. తర్వాత ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీకేమైంది, మొహం అలా పీక్కుపోయింది?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. జానకి ఆగలేకపోయింది.

"మూడు నెల్లయి ఈయన పొట్టు ముట్టలేదమ్మా! ఇంట్లో ఉంటే పిల్ల పిండిలో కలిసిపోద్దని డబ్బాతో సహా పారేసినారు. పొద్దున్నే గంటసేపు లోపలే కూకుంటన్నారు. ఏటంటే, పేపరు సదువుతన్నానంటారు!"

"పాపా! ఆప్ భీ నా..." పద్మశ్రీ నవ్వబోయి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"నవ్వు, నవ్వు. పేపరు సదివి ఈ మూడు నెలల్లో నాకు పెరిగిన లోకజ్ఞానం ఎవులికీ పెరగలేదు."

"మీ పిండి వేరే గిన్నెలో కలుపుకుంటే సరిపోయేదిగా?" అంది డాక్టరమ్మ.

ఆ ముక్క మూడు నెలలుగా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. మర్నాడు పొద్దున్నే పద్మశ్రీ వేరే గిన్నెలో, రెండు గుప్పిళ్లు పొట్టు వేసి, నాన్నకు పిండి కలిపింది.

ఆ నెలాఖరున జిల్లా జట్టు జాబితా వచ్చింది. పద్మశ్రీ ఎంపికైంది, రిజర్వు గోల్‌కీపరుగా: అసలు గోల్‌కీపరు డ్యూటీ దిగితేనే ఆమె షిఫ్టు.