వాలు ఎక్కని కారు

సూర్యకళ మద్దిలపాలెం డిపోలో కండక్టరు. పెదజాలారిపేటలో పుట్టింది. తండ్రి నూకాలు ఈ వయసులో కూడా సముద్రం మీద చేపల వేటకు వెళతాడు. భర్త తిరుమలరావు ఎస్.కోట వైపు రైతుల ఇంటి పిల్లాడు. పోర్టు దగ్గర ఒక షిప్పింగు ఆఫీసులో ఉద్యోగానికి వచ్చి, రోజూ ఆమె బస్సే ఎక్కి, సీటు ఖాళీ ఉన్నా ఆమె పక్కనే నిలబడి కబుర్లాడి, రెండిళ్లలోనూ మాటలు పడి ఆమెను పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు. గోపాలపట్నంలో కొండ పక్కన ఇల్లు కొనుక్కున్నారు. ఆ ఇల్లు వీధి కంటే బాగా పల్లంలో ఉంటుంది. వీధిలోంచి వాకిట్లోకి దిగాలంటే నిటారుగా ఒక సిమెంటు వాలు ఉంది.

తిరుమలరావుకు కార్ల పిచ్చి. ఓడల్లో పనిచేసే ఒక అధికారి ఊరు వదిలి వెళ్తూ రెండు సీట్ల పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు అమ్మితే, అది కొన్నాడు. ఆదివారం ఆదివారం ఇద్దరూ దాన్లో భీమిలి రోడ్డు మీద తిరిగి వచ్చేవాళ్లు. అంత కిందకి కూర్చోవడం సూర్యకళకు మొదట్లో నవ్వులాటగా ఉండేది. బస్సులో నిలబడి ఊరంతా పైనుంచి చూసే మనిషి కదా.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం ఆ కారు దడదడమని వణుక్కుంటూ వాలు దిగింది. మర్నాడు ఎక్కలేదు. స్టార్టయ్యేది, చప్పుడు చేసేది, వాలు మొదట్లోనే నీరసపడి ఆగిపోయేది. అదే నెలలో తిరుమలరావు అన్నం ముందు కూర్చుని, కలపకుండా, చెప్పాడు.

"నాను ఇంక ఇక్కడ ఉండలేను కళా."

ఆఫీసులో ఒకామె ఉందనీ, గాజువాకలో ఇల్లు చూసుకున్నామనీ చెప్పాడు. కోపంగా చెప్పలేదు. ఏడవనూ లేదు. సూర్యకళ అంతా విని, "అన్నం తినేసి ఎల్తావా?" అని అడిగింది. తినలేదు. ఆటో పిలిపించుకుని రెండు పెట్టెలతో వెళ్లిపోయాడు. వాలు పైకి పెట్టెలు ఎక్కించడానికి ఒక చెయ్యి ఆమే వేసింది.

ఆ తర్వాత ఆమెకు ఏమీ అనిపించలేదు. ఏడుపు వస్తుందేమో అని కొన్నాళ్లు చూసింది. రాలేదు. డ్యూటీకి వెళ్లేది, టికెట్లు కొట్టేది, చిల్లర ఇచ్చేది, "ముందుకి జరగండమ్మా, ముందుకి" అనేది. ఇంటికి వచ్చి ఫ్యాను వేసుకుని దాని కింద కూర్చునేది. పేటనుంచి తండ్రి ఫోన్ చేస్తే బాగానే ఉన్నానని చెప్పేది. అది అబద్ధం కూడా కాదు. ఎక్కడా నొప్పి లేదు మరి.

కారు మాత్రం వాకిట్లోనే ఉండిపోయింది. గుమ్మానికి, కారుకి మధ్య మనిషి అడ్డంగా తిరిగితేనే పట్టే సందు. ఖాకీ చొక్కా ఆ పసుపు రేకుకి రాసుకోకుండా రోజూ బయటపడాలి. తిరుమలరావు ఒక మెకానిక్కుని పంపాడు. అతను బానెట్ ఎత్తి చూసి, షెడ్డుకి తీసుకురావాలన్నాడు. లాక్కుపోయే బండి ఆ ఇరుకు వీధిలో తిరగదని అతనే మళ్లీ చెప్పాడు. ఇంక ఎవరూ రాలేదు.

చలికాలం చివర్లో ఒకరోజు ఎదురింటి వరహాలమ్మ పై నుంచి తొంగి చూసి అడిగింది. "మీ ఆయన ఇంట్లోనే ఉన్నాడేటి? మనిషి కనపట్లేదు గానీ కారుంది గదా అనుకుంతన్నాను."

"లేడు పిన్నీ. ఎల్లిపోయాడు."

"డ్యూటీకా?"

"కాదు. ఎల్లిపోయాడు."

వరహాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సూర్యకళ లోపలికి వచ్చి తిరుమలరావుకు ఫోన్ చేసింది. ఆరు నెలల్లో ఆమె తనంతట తాను చెయ్యడం అదే మొదలు.

"కారు పట్టుకుపో."

"అది ఎక్కట్లేదు కదే."

"ఎక్కితే పట్టుకుపోతావా?"

"ఎక్కితే పట్టుకుపోతాను," అన్నాడు.

మర్నాడు డిపోలో మెకానిక్ భీమశంకరరావును పట్టుకుంది. "భీమన్నా, కారు వాలు ఎక్కట్లేదు. ఏటి సూడాలి ముందు?"

"బస్సయితే సెప్తాను గానీ, అలాటి బళ్లు నాకేటి తెలుసమ్మా," అన్నాడు అతను. కానీ తలగోక్కుని, అల్మారాలోంచి అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి తీసి ఇచ్చాడు. స్టీరింగు కింద దానికి సరిపడే సాకెట్టు ఉంటుందట. అందులో గుచ్చితే కారుకి వచ్చిన రోగం ఫోన్‌లో పడుతుందట. "అందులో పడిందల్లా నిజం అనుకోకు. ఎక్కడ వెతకాలో సెప్తాది, అంతే. వారం సెలవుకి నానూ వత్తాను."

ఆ సాయంత్రం సూర్యకళ ఎన్నో నెలల తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు తిరుమలరావు కాళ్లకు సరిపడా వెనక్కి ఉంది. ముందుకి లాక్కుంది. డబ్బా గుచ్చింది. మూడో సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదని ఫోన్‌లో వచ్చింది. దాని కింద ఇంకో లైనేదో ఉంది గానీ దాన్ని పట్టించుకోలేదు. ఒకటి దొరికింది కదా అనుకుంది.

ఆమె ఫోన్‌లో వీడియోలు చూసింది. ఎవరో ఎక్కడో తమ ఇంటి ముందు ఇలాంటి కార్లే విప్పుతూ మాట్లాడుతున్నారు. వాళ్ల భాష సగమే అర్థమైనా చేతులు అర్థమయ్యాయి. ముందు గాలి ఫిల్టరు తీసింది. దుమ్ము కొట్టుకుపోయి ఉంటే కొత్తది వేసింది. తేడా లేదు. తర్వాత స్పార్క్ ప్లగ్గులు ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద వరసగా పెట్టింది. మూడోది మిగతావాటిలా లేదు, నల్లగా, తడిగా ఉంది. ప్లగ్గుకి నిప్పు ఇచ్చే కాయిల్ ప్రతి సిలిండరుకీ ఒకటి ఉంటుంది. మూడోదాని కాయిల్ తీసి మొదటిదానికి పెట్టి, మొదటిది మూడోదానికి పెట్టి మళ్లీ చూసింది. ఈసారి తప్పు మొదటి సిలిండరులో చూపించింది. అంటే తప్పు సిలిండరుది కాదు, కాయిల్‌ది.

కొత్త కాయిల్ తెప్పించి బిగించింది. ఇంజను వణుకు పోయింది. మెత్తగా, పాత రోజుల్లోలాగా తిరిగింది. సూర్యకళ సంతోషం కోసం ఒక్క క్షణం ఆగి చూసుకుంది. రాలేదు. గేరు వేసి వాలుకి పెట్టింది. కారు సగం దాకా ఎక్కి, గొంతు పట్టేసినట్టు అయిపోయి ఆగింది. హ్యాండ్‌బ్రేకు పట్టుకుని మెల్లగా వెనక్కి దించుకుంది.

ఆదివారం నూకాలు పేట నుంచి వచ్చాడు, సంచిలో కానాగంత చేపలు పట్టుకుని. అల్లుడి సంగతి ఆయనకు తెలుసు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కారు చుట్టూ తిరిగి, వంగి, వాసన చూసి తేల్చేశాడు.

"పెట్రోలే. నీళ్లు కలిసుంటాయి. వానాకాలం అంతా ఇక్కడే ఉందా నేదా? మా బోటుకి అలాగే అయింది."

"అదేనంటావా?"

"అదే. నా మాట ఇను."

తండ్రీ కూతుళ్లిద్దరూ కలిసి ట్యాంకులో ఉన్నదంతా డబ్బాల్లోకి తీశారు. పేటలో బోటు ఇంజన్లకు చేసినట్టే సీసాల్లో పోసి అడుగున నీళ్లు తేలతాయేమో అని ఎండలో పెట్టి చూశారు. చుక్క లేదు. కొత్త పెట్రోలు పోశారు. కారు మళ్లీ సగం దాకే ఎక్కింది. నూకాలు వాలు మీద కూర్చుని చుట్ట వెలిగించబోయి, చేతులు పెట్రోలు వాసన వేస్తున్నాయని మానుకున్నాడు.

"నీకేటి పట్టిందమ్మీ ఇది?" అన్నాడు. "ఆడి కారు ఆడు సూసుకోడా?"

"ఆడు సూసుకోడు నాన్నా. ఉంతే నాకే అడ్డం."

ఆయన కూతురి మొహం చాలాసేపు చూశాడు. "ఏడిత్తే బాగుంతాది," అన్నాడు.

"రావట్లేదు."

"సరే," అని లేచి చేపలు శుభ్రం చెయ్యడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు.

భీమశంకరరావు చెప్పినట్టే సెలవురోజు వచ్చాడు. డ్రైవరు సీట్లో ఇరుక్కుని కూర్చుని, న్యూట్రల్‌లో పెట్టి ఎక్సిలేటరు తొక్కుతుంటే, సూర్యకళ వెనకాల నిలబడి పొగ రంగు చూస్తోంది. పొగ ఏమీ లేదు. కాసేపటికి ఆమెకు ఒకటి తోచింది. సైలెన్సరు గొట్టం సరిగ్గా తన కాళ్లకు ఎదురుగా ఉంది. ఇంజను అంత గట్టిగా అరుస్తోంది. తన చీర కుచ్చెళ్లు కదలడం లేదు.

"భీమన్నా, ఇంకా తొక్కు!"

తొక్కాడు. కుచ్చెళ్లు కదల్లేదు. గొట్టం ముందు అరచెయ్యి పెట్టింది. నిద్రపోయే మనిషి ఊపిరంత గాలి తగిలింది. డిపోలో బస్సు వెనక నిలబడితే మనిషిని తోసేస్తుంది గాలి.

"లోపలికి ఎల్లింది బయటికి రావట్లేదు," అంది.

భీమశంకరరావు ఇంజను ఆపి దిగాడు. ఇద్దరూ నేల మీద పడుకుని కారు కింద చూశారు. గొట్టం మధ్యలో లావుగా, పెద్ద డబ్బాలా ఒకటి ఉంది. కెటలిటిక్ కన్వర్టర్. పొగలో చెడు తగ్గించడానికి లోపల తేనెపట్టులాంటిది ఉంటుంది. కాయిల్ పాడైనన్నాళ్లూ మండని పెట్రోలు వచ్చి అందులో మండుంటుందనీ, ఆ వేడికి తేనెపట్టు కరిగి ముద్దయి దారి మూసుకుపోయి ఉంటుందనీ భీమశంకరరావు అన్నాడు. ఫోన్‌లో తాను పట్టించుకోని రెండో లైను అప్పుడు తీసి చదివింది. కన్వర్టర్ గురించే.

"వణుకుతన్నా అలాగే నడిపీసినాడన్నమాట మీ ఆయన," అన్నాడు భీమశంకరరావు. అని, మాట జారినందుకు నాలిక కరుచుకున్నాడు.

"నడిపీసినాడు," అంది సూర్యకళ.

లేవడానికి పట్టు కోసం ఆమె చెయ్యి గొట్టం మీద వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఉంచింది. "కళమ్మా!" అని భీమశంకరరావు అరిచి ఆమె మణికట్టు పట్టి లాగాడు. అరచెయ్యి ఎర్రగా పొంగుతోంది. ఆమె దాన్ని వేరెవరిదో అన్నట్టు చూసింది. అతను కుళాయి కింద పెట్టించాడు. నీళ్లు పడుతున్నంతసేపూ ఆమె కారు వంకే చూస్తోంది.

"నొప్పి నేదా?"

"ఉన్నాదేమో," అంది.

ఇంజను పూర్తిగా చల్లారాక, అనుమానం తీర్చుకోవడానికి భీమశంకరరావు ఒక పని చేశాడు. కన్వర్టర్ కంటే ముందే గొట్టంలో ఒక సెన్సరు ఉంటుంది. అది విప్పేస్తే ఆ చిల్లులోంచి పొగ బయటపడుతుంది. విప్పి, తాళం ఆమె చేతిలో పెట్టాడు. సూర్యకళ స్టార్ట్ చేసింది. వీధంతా అదిరింది. వరహాలమ్మ పరుగున వచ్చింది. కారు ఫిరంగిలా పేలుతూ, ఒక్క ఊపున వాలు ఎక్కి వీధిలో నిలబడింది. భీమశంకరరావు కింద నుంచి చప్పట్లు కొట్టాడు. సూర్యకళ వీధి మధ్యలో, ఇంజను ఆపకుండా, కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏమీ లేదు. తెలిసింది, అంతే. ఏది పాడైందో తెలిసింది.

ఆటోనగర్‌లో పాత విడిభాగాల కొట్లో సరిపడే కన్వర్టర్ ఒకటి దొరికింది. వెల్డింగు షాపులో బిగించి, సెన్సరు తిరిగి పెట్టారు. చప్పుడు తగ్గింది, బలం అలాగే ఉంది. రెండుసార్లు ఎక్కించి, రెండుసార్లు దించి చూసుకుంది. తిరుమలరావుకు ఒక్క మాట మెసేజి పెట్టింది. "ఎక్కింది."

అతను మధ్యాహ్నం వచ్చాడు. కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు, కొంచెం చిక్కాడు. బానెట్ ఎత్తి, దించి, మళ్లీ ఎత్తాడు.

"ఎవరు సేసారు?"

"నానే. డిపోలో భీమన్న సాయం పట్టాడు."

"నువ్వా?" అని నవ్వబోయాడు. ఆమె చేతికి కట్టు చూసి ఆగిపోయాడు. "కళా, నాను..."

అతను ఏం చెబుతాడో అని ఆమె నిజంగానే ఎదురుచూసింది. చెప్పడానికి అతనికి చాలా టైమిచ్చింది. అతను కారు తలుపు మీద దుమ్ము వేలితో తుడుస్తూ ఉండిపోయాడు.

"ఈసారి వణికితే నడపకు," అంది సూర్యకళ. "ఆపీసి సూపించు. అలాగే నడిపీబట్టే లోపలంతా కరిగిపోయింది."

తలూపాడు. సీటు వెనక్కి జరుపుకున్నాడు. కారు వాలు ఎక్కింది, మలుపులో ఎడమకి తిరిగింది. దాని చప్పుడు హైవే లారీల్లో కలిసేదాకా ఆమె విన్నది. తర్వాత చీపురు తెచ్చి వాకిలి ఊడ్చింది. నూనె మరకల మీద ముగ్గుపిండి చల్లింది. అప్పుడు అరచెయ్యి సలపడం మొదలైంది. కట్టు విప్పి, మందు రాసి, మళ్లీ కట్టుకుంది.

నాలుగు రోజులకు వరహాలమ్మ వాలు దిగి వచ్చింది, నడుం మీద పిండి గిన్నె, చంకలో పాత చీర.

"కళమ్మా, మా మేడ మీద కోతులొచ్చేత్తన్నాయి. నీ వాకిట్లో ఎండ బాగుంది. వడియాలు పెట్టుకోనా?"

"పెట్టుకో పిన్నీ."

చీర పరిచారు. సూర్యకళకు ఆరోజు రెండో షిఫ్టు. చెయ్యి బాగాలేదు కదా, కూర్చో అని వరహాలమ్మ అంటున్నా వినకుండా, ఎడమచేత్తో పిండి తీసుకుని వడియాలు పెట్టడం మొదలుపెట్టింది. వంకరటింకరగా వచ్చాయి. వరహాలమ్మ వాళ్ల కోడలి గురించి ఏదో చెబుతోంది. సూర్యకళ వింటూ, మధ్యమధ్య "ఊఁ" అంటూ, డ్యూటీ టైమయ్యేదాకా అక్కడే ఎండలో కూర్చుంది.