లెక్కల మిషనుకి దసరా పూజ

మా మేనల్లుడు కంప్యూటరు ముందు కూర్చుని, దాని లోపలి కెర్నెల్‌కి, అంటే దాన్ని నడిపించే గుండెకాయకి, ఏవి కావాలో ఏవి అక్కర్లేదో ఒక్కొక్కటే ఎంచుకుంటూ పూటలకి పూటలు గడిపేస్తుంటాడు. 'అక్కర్లేనివి తీసేస్తే తేలిగ్గా నడుస్తుంది అత్తా' అని నాకు బోధిస్తాడు కూడా. నేను తలూపుతాను. కంప్యూటరన్న మాట ఇంకా మా విజయనగరం పొలిమేర తొక్కని కాలంలో, అరవైల చివర, ఈ ఎంపికలన్నీ మేము తీగలతో చేసేవాళ్ళం. అక్కర్లేనిది తీసేయడంలో ఎంత గొడవ ఉందో నాకు అప్పుడే తెలిసింది. (వాడికి చెప్పలేదు. చెబితే నన్ను కూడా అక్కర్లేని వాటిలో వేస్తాడేమోనని.)

డిగ్రీ అయ్యాక నాకు మా ఊరి గోనెసంచుల మిల్లులో ఉద్యోగం దొరికింది. బొబ్బిలి వైపు నుంచి బళ్ళ మీద, ఆమదాలవలస నుంచి రైలు మీద గోగునార వచ్చి అక్కడ పడేది. ఏ ఊరి నార ఎంతొచ్చింది, ఏ రకం వచ్చింది అని లెక్క తీయడానికి కలకత్తా పెద్దాఫీసు వాళ్ళు ఓ పాత మిషను పంపించారు. అట్టముక్కలకి కంతలు పొడిచి అందులో వేస్తే అది లెక్క కట్టి కాగితం మీద అచ్చు కొట్టేది. కంతలు పొడిచేదాన్ని నేను. ఏ కంతని చదవాలి, దేన్ని కూడాలి, దేన్ని అచ్చు కొట్టాలి అన్నది మాత్రం మిషనుకి తగిలించే ఓ బోర్డు చేతిలో ఉండేది. బోర్డు నిండా బెజ్జాలు, వాటిలో గుచ్చిన తీగలు. తీగ ఉంటే ఆ పని జరుగుతుంది, లేకపోతే జరగదు. మా నాన్న నా ఉద్యోగానికి పెట్టిన షరతూ అంత సూటిగానే ఉండేది. "మిషను ఉన్నన్నాళ్ళూ ఎల్లు. అది ఎల్లిపోయిన్నాడు నువ్వూ ఇంటికొచ్చీ" అన్నాడు.

ఆ బోర్డుకి అధిపతి మా నాన్న స్నేహితుడు. మిల్లంతా ఆయన్ని తీగల బాబాయి అనేది. (అసలు పేరు నాకిప్పుడు గుర్తు లేదు. వాళ్ళావిడ ఎలాగూ పలికేది కాదు.) ఆయన తీగలు గుచ్చడాన్ని పెళ్ళి పిలుపుల్లా చూసేవారు. ఒకరిని పిలిచి ఇంకొకరిని మానేస్తే మాటొస్తుందని భయం. నిజానికి ఊరు, రకం, బరువు ఉంటే చాలు. కానీ గేటు జవాను బండి నంబరు కూడా పడాలన్నాడు, ఓ తీగ. కాటా దగ్గరాయన తన పొడి అక్షరాలు పడాలన్నాడు, ఇంకో తీగ. డిస్పెన్సరీ కాంపౌండరు "మాకేటీ లేదేటండీ" అని మొహం చిన్నబుచ్చుకుంటే ఆయన పేరు మీదా ఒకటి గుచ్చారు. అది ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయేదో ఎవరికీ తెలీదు. కాంపౌండరు మాత్రం వచ్చి దాన్ని కళ్ళారా చూసుకుని వెళ్ళేవాడు.

ఇంతమందిని మోస్తూ మిషను మూలగడం మొదలుపెట్టింది. పొద్దుట వేసిన అట్టలకి సాయంత్రానికి గానీ లెక్క తేలేది కాదు. కలకత్తా వాళ్ళకి కోపం వచ్చింది. దసరా వెళ్ళాక మా మనిషి వచ్చి చూస్తాడు, పనికిరాదంటే మిషను ఇంకో మిల్లుకి పంపించేస్తాం అన్నారు. మిషను పోతే నా ఉద్యోగమూ పోయినట్టే. అక్కర్లేని తీగలు తీసేద్దామని బాబాయిగారిని బతిమాలాను.

"ఎందుకు పాపా తియ్యడం? ఉంటే ఏటి పోతాది?"

"మిషను పోతాది బాబాయిగారూ."

ఆయన, తీసినవాటిని పారెయ్యకుండా తన సొరుగులో పెడితే సరేనన్నారు. తీసేశాను. మిషను కాడి దించిన ఎద్దులా పరుగందుకుంది. నేనేమో మిల్లు నాదే అన్నట్టు నడవడం మొదలుపెట్టాను.

దసరా వచ్చింది. మగ్గాలకీ కాటాకీ బళ్ళకీ అన్నింటికీ ఆయుధపూజ చేశారు. మా మిషను పూజ బాబాయిగారి వంతు. ఆయన భక్తిగా బోర్డు ఊడదీసి, వెనక వైపు తీగల మొనలు పొడుచుకొచ్చే చోట, నువ్వులనూనెలో కలిపిన పసుపుతో ప్రతి మొనకీ బొట్టు పెట్టి, మళ్ళీ తగిలించారు. అక్కడ కూడా ఆయన ఎవరినీ తక్కువ చెయ్యలేదు. నేను ఇంటి దగ్గర గారెలు తింటున్నాను.

సెలవులయ్యాక కలకత్తా బాబు దిగాడు. సన్నటి మనిషి, చంకలో గొడుగు. బాబాయిగారు మిషను వేశారు. అట్టలన్నీ గడగడా లోపలికి పోయాయి. కాగితం తెల్లగా బయటికొచ్చింది. ఆ బాబు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. అప్పటికే గుమ్మంలో మూగిన వాళ్ళలోంచి కాంపౌండరు "నా తీగ తీసీసారు కదండీ, మరెలా నడుస్తాది?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే బాధపడ్డాడు. బాబాయిగారు సొరుగు తెరిచారు. "గుచ్చీ పాపా. అన్నీ గుచ్చీ."

బోర్డు ఒళ్ళో పెట్టుకుని, మొదట్నుంచీ గుచ్చుదామని ఉన్నవన్నీ పీకాను. వేళ్ళు పచ్చబడ్డాయి. ప్రతి మొన మీదా పసుపు ఎండి పెచ్చు కట్టి ఉంది. సంగతి అర్థమైంది. ఒక్కోటీ పమిట చెంగుతో తుడిచి, సొరుగులోవాటితో సహా తిరిగి గుచ్చాను. మిషను మూలుగుతూనే అయినా అన్నీ అచ్చు కొట్టింది. కాంపౌండరు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"తీగలు తీసినందుక్కాదండీ, మొనలకి పసుపు అడ్డొచ్చి కరెంటు దాటలేదు" అని తెలుగులో ఒకసారీ, నాకొచ్చిన ఇంగ్లీషులో ఒకసారీ చెప్పి వేళ్ళు చూపించాను. బాబాయిగారి మొహం వాడిపోయింది. "అమ్మోరి పసుపు అడ్డొస్తాదేటమ్మా" అన్నారు మెల్లిగా. కలకత్తా బాబు నా వేళ్ళు చూశాడు, మిషనుకి వేసిన బంతిపూల దండ చూశాడు. ఆయనా దుర్గ పూజ చేసుకుని బయల్దేరినవాడే, చేతికి ఎర్రదారం ఇంకా ఉంది. "పూజ వల్ల మిషను ఆగిందని నేను రాయలేనమ్మాయీ. మా అమ్మ బతికే ఉంది" అన్నాడు ఇంగ్లీషులో. తర్వాత ఏం రాయాలో ఆయనే తేల్చుకున్నాడు. ఈ మిషనుకి ఈ తీగలన్నీ అవసరం, ఇన్ని తీగలున్నదాన్ని ఊడదీసి ఇంకో ఊళ్ళో బిగించడం అయ్యే పని కాదు, కనక ఇక్కడే ఉండనివ్వాలి. బాబాయిగారు ఆయనకి టీ తెప్పించారు.

ఆ సాయంత్రం నేను కళ్ళనీళ్ళతో ఇంటికి వెళ్ళాను. నిజం చెప్పాను, దాన్ని పక్కన పెట్టారు, అబద్ధానికి ఉద్యోగం ఇచ్చారు అని నా ఉక్రోషం. నాన్న "మిషను ఉన్నాదా?" అన్నాడు. ఉందన్నాను. "మరి ఏడుపెందుకే?" అన్నాడు. అన్నం తినకుండా ముసుగు తన్నాను. ఆ మిల్లులో జుట్టు నెరిసేదాకా పని చేశాను. ఇప్పటికీ ఆ ముసుగు లాగి, పిచ్చిపిల్లా, నీకు ఉద్యోగం నిలిచింది, బాబాయిగారికి మర్యాద నిలిచింది, లేచి అన్నం తినవే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా అది లేచేది కాదనుకోండి.