ఇంటావిడ ఇచ్చిన పెన్ను

2024 మార్చి 14, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. మ్యూనిక్‌లో పాత పెన్నులు బాగుచేసే ఆయన నా పెన్నును దీపం కిందికి జరిపి కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. గోడగడియారం నాకు ఎదురుగానే ఉంది.

ఆ పెన్ను మావారిది. ఆయన 1966లో ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకున్నారు. 1970లో డాక్టరేట్ చేతికొచ్చిన రోజున ఆ ఇంటావిడ దాన్ని బహుమతిగా ఇచ్చిందట. 1971 ఆగస్టులో నేను కాపురానికి వచ్చేసరికి అది ఆయన కోటు జేబులో ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచీ నా బీరువాలో ఉంది.

ఆ రోజు నా పక్కన కూర్చున్నది ఆ ఇంటావిడ కూతురు. ఎనభై రెండేళ్ళు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. పెళ్ళయ్యాక జర్మనీలోనే ఉత్తరాదికి వెళ్ళిపోయి, భర్త పోయిన తర్వాత, రెండేళ్ళ కిందట ఊరికి తిరిగి వచ్చింది. ప్రతి మంగళవారం నాలుగింటికి మా ఇంటికి కాఫీకి వచ్చేది. ఫిబ్రవరిలో ఒక మంగళవారం తండ్రి సంగతి చెప్పింది. తను రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆయన యుద్ధంలో కనిపించకుండా పోయాడు. అదే ఏడు బాంబు పడి ఇల్లు కాలిపోయింది. ఆయన ఉత్తరాలు, కాగితాలు, అన్నీ బూడిదయ్యాయి. తల్లి చేతిసంచిలో ఉన్న పెన్ను మాత్రం మిగిలింది. అది ఆయనకు పెళ్ళి కానుక, దాని మీద ఆయన సంతకాన్ని ఉన్నదున్నట్టు చెక్కించారు.

"చిన్నప్పుడు రెండుసార్లు చూశాను. మొదటి అక్షరానికి పెద్ద మెలిక ఉండేది. ఇంకేం గుర్తు లేదు. అమ్మ ఎవరికో ఇచ్చేసింది. ఎవరికని అడిగితే, దాంతో రాసేవాడికి అంది" అని చెప్పింది.

నేను లేచి పెన్ను తెచ్చి చూపించాను. ఆమె తిప్పి తిప్పి చూసింది. పేరు లేదు.

"ఇది కాదేమో. మీ ఆయనకు వేరేది కొని ఇచ్చి ఉంటుంది."

ఏ విషయమైనా అలా తేలకుండా వదిలేయడం నాకు చేతకాదు. మా అమ్మాయి చేత పెన్నులు బాగుచేసే ఆయన దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీయించాను. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగిన డాక్టరు.

"మా పేషెంట్లకి మూడు నెలలకి గానీ టెర్మిన్ దొరకదు. నీ పెన్నుకి నాలుగు రోజుల్లో దొరికింది, అదృష్టవంతురాలు" అంటూ కారులో మా ఇద్దరినీ తీసుకెళ్ళింది.

పెన్నులు బాగుచేసే ఆయన ముందు పాళీ చూశాడు. "బంగారం. యుద్ధం దగ్గరపడ్డాక ఇక్కడ పెన్నులకు బంగారం వాడనివ్వలేదు. అంతకు ముందుదే." తర్వాత వెనక మర తిప్పి, క్లిప్పు చూసి, ముప్పైల నడిమి కాలం అన్నాడు.

"మా అమ్మానాన్నల పెళ్ళి 1936" అంది నా స్నేహితురాలు. ఆమె చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. నాకు గర్వంగా అనిపించింది, ఒక నిమిషం పాటు.

ఆయన దీపాన్ని పక్కకు వంచాడు. "ఇది గట్టి రబ్బరు. నల్లగా ఉండాలి, గోధుమరంగు తిరిగింది. వేడినీళ్ళు తగిలితే ఇలా అవుతుంది. ఎవరైనా వేడినీళ్ళలో ముంచారా?"

"గోరువెచ్చనివే" అన్నాను.

ఆయన భూతద్దం తీసి నన్ను చూశాడు. "ఎన్నిసార్లు?"

"ఏడాదికి రెండుసార్లు."

మా అమ్మాయి తెలుగులోకి దిగింది. "అమ్మా! పెన్నుకి కూడా తలంటు పోశావా?"

పోశాను. దసరాకి ఆయుధ పూజ. మా ఇంట్లో ఆయుధాలంటే మావారి స్లైడ్ రూలు, ఆ పెన్ను, నా కత్తిపీట. పూజకు ముందు పెన్నును కుంకుడు రసంతో కడిగి, తడిగుడ్డ మీద తెల్ల పళ్ళపొడి వేసి, మా అమ్మ వెండి సామాను తోమినట్టే తోమేదాన్ని. గంధం, కుంకుమ బొట్లు పెట్టేదాన్ని. మర్నాడు ఆ బొట్లు పోయేలా మళ్ళీ కడిగి తోమేదాన్ని. "కొత్తదానిలా మెరిపించావే" అనేవారు మావారు.

"ఇక్కడ చెక్కడం ఉండేది. వాడకంతో అరిగింది కాదు, తోమి అరగదీశారు" అన్నాడు ఆయన. మూత తీసి ఆ అంచు దగ్గర చూపించాడు. నేను మూత పెట్టే తోమేదాన్ని. దాని కింద దాగిన ముక్క మిగిలింది. మూడు మిల్లీమీటర్లు.

స్నేహితురాలు భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. "మెలిక" అంది. ఆ తర్వాత, "మిగతాది?"

"నేనే" అన్నాను.

"మా అమ్మ ముప్పై నాలుగేళ్ళు దాన్ని ఒక్కసారి కూడా తుడవలేదు."

"మురికిగా ఉందని కాదు. దణ్ణం పెట్టుకోవడానికి కడిగాను."

"ఎవరికి?"

"పెన్నుకి."

ఆమె లేచి కోటు తొడుక్కుంది. పెన్ను చేతిలో పెట్టబోతే వేళ్ళు ముడుచుకుంది. "అది నీ భర్తది" అంది.

ఇంటికి వచ్చేసరికి ఆరుంబావు. పాత డైరీలు తీశాను. 1979 దసరా నాటి పేజీలో నా అక్షరాలే ఉన్నాయి: "ఆయుధ పూజ. పెన్ను మీది గీకుళ్ళు ఈసారితో పూర్తిగా పోయాయి." కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను. ఆ పాత జర్మన్ రాత నా కళ్ళకు గీకుళ్ళలా కనిపించింది. అంతకు ముందు ఏళ్ళ పేజీలు తిరగేస్తే, ఎన్ని తగ్గాయో ఏటికేడూ రాసి ఉంది. ఇన్నేళ్ళూ తేదీలు దాచుకుంటూ వచ్చిన మనిషిని. ఒక మనిషి పేరు ఏ సంవత్సరం, ఏ పూజకు చెరిగిపోయిందో నా దగ్గర రాతలో ఉంది.

1971 నుంచి 2023 వరకు దసరాలు యాభై మూడు. మావారు పోయిన ఏడు పండగ లేదు కాబట్టి యాభై రెండు. తోమినవి నూట నాలుగుసార్లు. ఆ పేరు చెరగడానికి మొదటి పద్దెనిమిదే సరిపోయాయి.

పోయినవి: సంతకం ఒకటి. ఆమె చెప్పిన పేరు ప్రకారం అందులో అక్షరాలు పదమూడు. మొదటిదానిలో సగం మిగిలింది కనుక పన్నెండున్నర. ఆ తర్వాత ఆమె కాఫీకి రాని మంగళవారాలు, ఈ రోజుతో ఆరు.