చిన్నాయన టేపు చెప్పింది, మేం వినలేదు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నేను పాఠాలు చెప్పే స్కూల్లో ప్రేయర్ బెల్ కొట్టే వేళకు చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన పోయిండు బిడ్డా. ఉరుక్కుంట రాకు, ఇంత తిని రా," అన్నది. అంతే. సెలవు చీటీ రాసిచ్చి కార్ఖానా రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ముందు ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది. ఇక ఆయనకు ఎవరూ సూదులు గుచ్చరు, కడుపులోంచి నీళ్లు తీయరు, మేం ఆస్పత్రి వరండాల్లో టోకెన్ పట్టుకుని కూర్చోనక్కర్లేదు అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. ఇంట్లో రోగిని ఏళ్ల తరబడి చూసుకున్నవాళ్లు మాత్రం నన్ను తప్పు పట్టరనుకుంటాను.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. రాంగోపాల్‌పేట్‌లో ఒక సందు చివర ఆయన టైలర్ షాపు. మగవాళ్ల ప్యాంట్లు, షర్టులు మాత్రమే కుట్టేవాడు. ఆడవాళ్ల బట్టలెందుకు కుట్టవని నేను అడిగితే, "వాళ్లకు నచ్చేటట్టు కుట్టాల్నంటే నాకు ఇంకో జన్మ కావాలె," అనేవాడు. మెడలో టేపు అన్నం తినేటప్పుడు కూడా తీసేవాడు కాదు. చిన్నమ్మ గొడవ పెట్టుకుంటే పప్పులో పడకుండా వెనక్కి వేసుకునేవాడు, అంతే.

కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాగే కస్టమర్లంటే ఆయనకు భలే సరదా. "ఊపిరి ఇడువుండ్రి సార్. నా దగ్గర దాస్తే రేపు ప్యాంటు దగ్గర దొరికిపోతరు," అనేవాడు. ఎవరినైనా స్టూలు మీద కూర్చోబెట్టి మళ్లీ ఒకసారి కొలిచేవాడు. "మనిషిని కూసున్నప్పుడు కొలవాలె. సగం జిందగీ కూసునే గడుస్తది," అనేది ఆయన మాట. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆడవాళ్ల బట్టలు ముట్టననే నియమం తనే పక్కన పెట్టి, బజారులో కొన్న నా కోటును విప్పి భుజాలు సరిచేసి ఇచ్చాడు. ఆ కోటు ఇప్పటికీ నాకు సరిగ్గా కూర్చుంటుంది.

ఇక ఆ జబ్బు సంగతి. మూడేళ్ల కింద వానాకాలంలో ఆయనకు జ్వరం వచ్చింది. మన ఊళ్లో వానాకాలం జ్వరమంటే అందరికీ డాక్టర్ చదువు వచ్చేస్తుంది. రక్త పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు డెబ్బై వేలకు పడిపోయాయని వచ్చింది. డెంగ్యూ పరీక్షలో మాత్రం లేదని వచ్చింది. "అదొక్కోసారి దొరకదంట," అని నేనే అన్నాను. ఎక్కడ విన్నానో, ఎవరు చెప్పారో నాకే తెలియదు. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. కౌంటు మాత్రం పెరగలేదు.

మా స్కూలు వెనక ఒక బొప్పాయి చెట్టు ఉంది. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని దాని ఆకులు కోసి, నూరి, రసం పిండి గ్లాసులో తీసుకెళ్లేదాన్ని. చిన్నాయన గ్లాసు వైపు చూసి, "ఇది మందా, పగనా?" అనేవాడు. జెర చక్కెర వెయ్యమని బతిమాలేవాడు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. నెలకోసారి ల్యాబుకు తీసుకెళ్లి కౌంటు చేయించేదాన్ని. మిగతా పరీక్షలు కూడా చేద్దామా అని వాళ్లు అడిగితే, "వద్దు, ప్లేట్‌లెట్లు చాలు," అని చెప్పిందీ నేనే. డెబ్బై నుంచి ఎనభై అయితే పండగ. మళ్లీ అరవై ఐదైతే ఇంకో రెండు ఆకులు. రెండేళ్లు ఇలాగే గడిచిపోయాయి. ఆ రెండేళ్లలో ఏ డాక్టరూ ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టి చూడలేదు, ఎందుకంటే మేం డాక్టరు దగ్గరికి పోలేదు. డెంగ్యూ మాకు తెలిసిన రోగమాయె!

చిన్నాయనకు మాత్రం అనుమానం వచ్చింది. ఒకరోజు షాపుకు వెళితే అద్దం ముందు నిలబడి తన నడుము తనే కొలుచుకుంటున్నాడు. నన్ను చూసి దగ్గరికి పిలిచాడు.

"ఇటు చూడు. నడుము మూడు ఇంచులు పెరిగింది. దండ చెయ్యేమో ఇంచున్నర తగ్గింది. తిండి సగం ఐంది. గిట్ల ఏ మనిషికీ పెరగదు బిడ్డా. నలబై ఏండ్ల సంది మనుషులను కొలుస్తున్న. లావైతే అంతట అయితరు, సన్నబడితే అంతట సన్నబడుతరు. ఇదేం జ్వరం?"

"వయసు చిన్నాయనా. ఎప్పుడూ మిషన్ ముందు కూసుంటే పొట్ట రాదా?" అన్నాను. ఆయన ప్యాంటు నడుము దగ్గర కుట్టు విప్పి వదులు చేసుకున్నాడు. చదువుకున్నదాన్ని కదా, ల్యాబు కాగితం మీది అంకెను నమ్మాను. ఆయన టేపు మీది అంకెను నమ్మలేదు. ఆ రోజు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

తర్వాత ఒక మధ్యాహ్నం షాపులోనే రక్తం కక్కుకున్నాడు. పెద్దాస్పత్రిలో లేడీ డాక్టరు ఆయన ఎడమ పక్కటెముకల కింద చేత్తో నొక్కి చూసి, నా వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ ఏం మందు వాడుతున్నారమ్మా?" అని అడిగింది. బొప్పాయి ఆకులని చెప్పలేక నేల చూపులు చూశాను.

హెపటైటిస్ సి అని తేలింది. ఆ వైరస్ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా లివర్‌ను గట్టిపరిచేసిందట. ఆవిడ ఓపిగ్గా చెప్పింది: "ప్లేట్‌లెట్లు తయారు కావడానికి లివర్ నుంచి ఒక సంకేతం పోవాలి. అది తగ్గిపోయింది. రక్తం లివర్‌లోంచి సాఫీగా పారలేక వెనక్కి తంతే కడుపులో నీరు చేరి నడుము పెరిగింది, ఎడమ పక్కన ఉండే స్ప్లీన్ వాచింది. ఉన్న ప్లేట్‌లెట్లను అది పట్టుకుని కూర్చుంది. మీరు కౌంటు చూశారు గానీ, ఎందుకు తగ్గిందో చూడలేదు."

వయసులో ఉన్నప్పుడు చిన్నాయనకు స్కూటర్ మీద యాక్సిడెంట్ అయితే రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆ రోజుల్లో ఎక్కించే రక్తానికి ఈ పరీక్ష ఉండేది కాదట, బహుశా అక్కడి నుంచే అంటుకుని ఉంటుందన్నారు. చిన్నమ్మ ఆ రక్తమిచ్చినవాణ్ణి తిట్టబోతే చిన్నాయన ఆపాడు. "ఆయన ఇయ్యకుంటే నేను అప్పుడే పోయెటోన్ని. నడుమల ఇన్నేండ్లు బతికిన గద," అన్నాడు.

మూడు నెలలు మాత్రలు వేసుకుంటే వైరస్ పోయింది. రిపోర్టు చూసి నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. డాక్టరు మాత్రం నవ్వలేదు. గట్టిపడిన లివర్ బాగుపడే దశ దాటిపోయిందని, ముందే వచ్చి ఉంటే వేరేగా ఉండేదని చెప్పింది. ఆ తర్వాతిదంతా అలసటే. ఉప్పు లేని కూర, నెలకు రెండుసార్లు నీళ్లు తీయడం, చిన్న దెబ్బకే కమిలిపోయే చేతులు. ఒకరోజు ఆస్పత్రి బెంచీ మీద, "నా వల్లనే ఆలస్యమైంది చిన్నాయనా," అని ఏడ్చేశాను. ఆయన "నీ మీద కోపం లేదు బిడ్డా. ఆ రసం మీద ఉన్నది," అన్నాడు. ఇద్దరం నవ్వాం. తప్పు నాది కాదని మాత్రం ఆయన అనలేదు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఇది చదివేవాళ్లకు ఒక్క మాట. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం పోయాక కూడా ప్లేట్‌లెట్లు పెరగకపోతే ఆకుల కోసం తిరగకండి. డాక్టరు దగ్గరికి వెళ్లి లివర్ సంగతేమిటని అడగండి.

చిన్నమ్మను కూడా ఆ వైరస్ ఉందేమో పరీక్ష చేయించుకోమని డాక్టరు మొదట్లోనే చెప్పింది. "ముందు ఆయన పని కానీ," అంటూ చిన్నమ్మ వాయిదా వేస్తూ వచ్చింది. పదకొండో రోజు అయిపోయాక నేనే తీసుకెళ్లాను. ఆమెకు ఏమీ లేదని సాయంత్రానికి తెలిసింది. పొద్దున ల్యాబులో రక్తం తీసి, మోచేతి మడతలో దూది పెట్టి, రెండు నిమిషాలు ఒత్తుకోమన్నారు. బయట కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాం. పావుగంట దాటింది. చిన్నమ్మ వేళ్లు తీయలేదు.

"ఆగిపోయింది చిన్నమ్మా, తీసెయ్," అన్నాను.

దూది తీసి చూసింది. సూది పోటు కూడా కనిపించడం లేదు.

"ఇంత జల్దీ ఆగుతదా?" అన్నది. "మీ చిన్నాయనకు గంట ఒత్తేదాన్ని."

మళ్లీ దూది అక్కడే పెట్టుకుని, అలాగే ఒత్తుకుంటూ కూర్చుంది.