వరపూజలో తెల్ల మీసం

నిన్న లక్సెట్టిపేటల మా చెల్లె వరపూజ. నా ఎంటెక్ చదువు అక్కడ ఎట్ల మట్టిల కలిసిందో ఇనుండ్రి, నవ్వుకుందురు గని!

చెల్లె అంటే మా కాక బిడ్డ స్వప్న. కాక దుబాయ్‌ల ఉంటడు, లీవు దొరకలే. "నా బిడ్డకు ఉంగరం తొడిగేది లైవ్‌ల చూపెట్టురా, గంతే చాలు" అని పాపం ఒకటే ఫోన్లు. "ఫికర్ చెయ్యకు కాకా, నేనున్న గదా!" అన్న.

ఇంట్లోళ్లు వీడియో తీసే అన్నను మాట్లాడిండ్రు. నేనూకుంటనా? ఆయన కెమెరా చూసి మూతి విరిచిన.

"గీ నిలువు గీతలేందన్నా? ఏం తీసినా అదే జాగల ఉంటున్నయ్. ఫిక్స్‌డ్ ప్యాటర్న్ నాయిస్ అంటరు దీన్ని. సెన్సర్‌కు పుట్టుమచ్చ అసొంటిది. ఆఫీసుల నా పనే ఇది తీసేసుడు."

"గీతలెవలు చూస్తరు సార్, ఉంగరం కనబడితే చాలదా?"

"నీకేం సమజైతది!" అని ఆయన్ని పక్కకు జరిపి, నేను తయారుచేసిన కెమెరా స్టాండుకెక్కించిన. లెన్స్‌కు మూత పెట్టి, కటిక చీకట్ల ఒక ఫొటో తియ్యాలె. దాంట్ల పడేటియి సెన్సర్ మచ్చలే. సర్క్యూట్ వాటిని యాదుంచుకొని, తర్వాత వచ్చే ప్రతి ఫొటోలకెల్లి తీసేస్తది. ఇదంతా ఆయనకు లెక్చర్ ఇచ్చుకుంట, లెన్స్‌లకు తొంగి చూసుకుంట బటన్ నొక్కిన. ఇగ పెద్ద ఇంజనీర్ని గదా, స్క్రీన్ దిక్కు చూసే అవసరం నాకేంది? ముందు కుర్చీల దర్జాగ కూసున్న.

ఉంగరం తొడుగుతుంటే, పక్కనే పెట్టిన టీవీల లైవ్ చూస్తున్న మా బాపమ్మ, అంటే కాకను కన్నతల్లి, కెవ్వుమన్నది.

"ఓ బిడ్డా, మీ తాత వచ్చిండే!"

టీవీల చూస్తే ఏముంది! పిల్లకు పిలగానికి నడుమ, ఎనకాల కట్టిన తెల్ల పరదా మీద, నల్లటి మొఖం, తెల్లటి మీసాలు! గసొంటి మీసాలే ఉన్న తాత పోయి ఏండ్లాయె. అందరు లేచి టీవీకి దండాలు పెడుతుండ్రు. ఎవలో కొబ్బరికాయ సుత కొట్టిండ్రు.

నాకు అనుమానమొచ్చి అంగీ జేబుల చెయ్యి పెట్టిన. లెన్స్ మూత తగిలింది!

తాత లేడు, గీత లేడు. అది నేను! మూత పెట్టకుంట ఫొటో తీస్తే, సర్క్యూట్ నా మొఖాన్నే మచ్చ అనుకొని ప్రతి ఫ్రేములకెల్లి తీసేస్తున్నది. తెల్ల పరదాలకెల్లి నా తెల్ల మొఖం తీసేస్తే అక్కడ నల్లగైంది, నల్ల మీసం కాడ తీసేసేదేం లేక తెల్లగ మిగిలింది. దానికైనా తెలిసింది, నేనెంత పనికిరానోన్నో.

ఆపుదామని ఉరికిన. అంతల బాపమ్మ ఫోన్ స్పీకర్ల కాక ఏడుపు: "ఎవ్వలు ముట్టకుండ్రి! మా బాపును అట్లనే ఉండనీ!"

ఇగ స్టాండును అట్లనే ఇడిచిపెట్టి, మళ్ల పోయి కుర్చీల కూసున్న.

అంత అయినంక కాక మళ్ల ఫోన్ చేసిండు. "నీ కెమెరా మస్తు తీసిందిరా! ఒక్క గీత లేదు. ఉంగరం కనబడ్డది, బిడ్డ కనబడ్డది, మా బాపు సుత కనబడ్డడు."

నేను కాలర్ ఎగరేద్దామనుకునేలోపట్నే అడిగిండు:

"గని నువ్వే యాడ కనబడలే. అసలు వచ్చినవా, ఎగ్గొట్టినవా?"